వంతెన వయసు, ఒంట్లో నలత చెప్పే ఇన్ఫోబ్రిడ్జి: ఒక సమీక్ష

అమెరికా ఫెడరల్ హైవే అడ్మినిస్ట్రేషన్ నడుపుతున్న ఇన్ఫోబ్రిడ్జి పోర్టల్‌ను నెల్లూరులో సివిల్ ఇంజనీరింగ్ విద్యార్థులకు పాఠం చెప్పడానికి కొంతకాలంగా వాడుతున్నాను. రుసుము ఏమీ లేకుండా ఆ దేశంలోని ఆరు లక్షలకు పైగా వంతెనల వివరాలు ఎవరైనా చూడవచ్చు.

దీని అసలు బలం చరిత్రలో ఉంది. ఒక పాత వంతెనను ఎంచుకుంటే, పై శ్లాబుకు, గర్డర్లకు, కింది స్తంభాలకు తనిఖీదారులు 0 నుంచి 9 వరకు వేసిన మార్కులు ఏటేటా గీతగా కనిపిస్తాయి. ఏళ్ల తరబడి 7 దగ్గర నిలిచిన గీత 5కు జారి, మరమ్మతు తర్వాత మళ్లీ పైకి లేవడం చూస్తే, నిర్వహణ అంటే ఏమిటో విద్యార్థికి వేరే చెప్పనక్కరలేదు. అయితే ఈ మార్కులు చాలావరకు కంటిచూపుతో వేసినవి కనుక, 6కూ 5కూ మధ్య తేడా కొన్నిసార్లు వంతెనది కాక తనిఖీదారుది కావచ్చు. ఆ లోటు తీర్చడానికే 2008లో మొదలైన దీర్ఘకాలిక వంతెన పనితీరు కార్యక్రమం, ఎంపిక చేసిన వంతెనల శ్లాబులను రాడార్‌తోనూ, కాంక్రీటును తట్టి ప్రతిధ్వనిని కొలిచే పరికరాలతోనూ పరీక్షించి, పైకి పెచ్చులూడకముందే లోపల పొరలు విడిపోయిన చోట్లను, చువ్వలకు తుప్పు పట్టే అవకాశమున్న చోట్లను నమోదు చేసింది. కృష్ణపట్నం వైపు ఉప్పుగాలికి చువ్వలు తుప్పుపట్టిన కాంక్రీటును చూసినవారికి ఈ భాగం బాగా పనికొస్తుంది. అమెరికాలో మాత్రం తుప్పుకు ముఖ్య కారణం మంచు కరగడానికి రోడ్లపై చల్లే ఉప్పు.

నాకు అసంతృప్తి కలిగించింది వరద కోత విషయం. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు వద్ద పదహారో నంబరు జాతీయ రహదారి కోతకు గురైనప్పటి నుంచి, మా విద్యార్థులు మొదట అడిగేది పునాదుల చుట్టూ ఇసుక ఎంత పోయిందనే. అమెరికా జాతీయ వంతెనల జాబితా నుంచి పోర్టల్ తీసుకున్న సమాచారంలో దానికి ఒక్క అంకె కోడ్ ఉంటుంది. ఏ స్తంభం దగ్గర నదీగర్భం ఎంత దిగిందో ఆ అంకె చెప్పదు. మంచు, గడ్డకట్టే రోజుల లెక్కలు మాత్రం పుష్కలంగా ఉన్నాయి, మనకు వాటితో పని తక్కువ.

ఫోన్‌లో పటం బరువుగా కదులుతుంది కాబట్టి కంప్యూటర్‌లోనే తెరవడం మేలు. బోధనకు ఐదింట నాలుగు ఇస్తాను; నదీ వంతెనల అధ్యయనానికి రెండున్నర మించి ఇవ్వలేను.