ఈఎస్‌పీ32 బోర్డు: చిప్ ఘనమైనదే, చుట్టూ ఉన్న సర్క్యూట్‌ను చూసి కొనాలి

2014లో ఈఎస్‌పీ8266 చిప్‌తో వైఫైని అభిరుచి ప్రాజెక్టుల అందుబాటులోకి తెచ్చిన ఎస్‌ప్రెసిఫ్ సంస్థ, 2016లో విడుదల చేసిన ఈఎస్‌పీ32 అనే మైక్రోకంట్రోలర్ (పరికరాలను నడిపే చిన్న కంప్యూటర్ చిప్)లో 240 మెగాహెర్ట్జ్ వరకు నడిచే రెండు కోర్లను, 520 కిలోబైట్ల ర్యామ్‌ను, వైఫైతో పాటు బ్లూటూత్‌ను కూడా అమర్చింది. ఉష్ణోగ్రతను కొలిచి ఫోనులో చూపడానికైనా, రిలే (విద్యుత్‌తో పనిచేసే స్విచ్) ద్వారా మోటారును ఆపడానికైనా ఈ శక్తి ధారాళంగా సరిపోతుంది. ప్రోగ్రామును ఆర్డుయినోలో రాసినా, మైక్రోపైథాన్‌లో రాసినా పని హాయిగా సాగుతుంది. ఇంత చవకగా ఇంత సామర్థ్యం దొరకడం నిజంగా సంతోషించదగిన విషయం.

పిన్నుల విషయంలో మాత్రం కొంత జాగ్రత్త కావాలి. 34 నుంచి 39 వరకు ఉన్నవి ఇన్‌పుట్‌కే పనికివస్తాయి. ఏడీసీ2కు (అనలాగ్ సిగ్నల్‌ను అంకెలుగా మార్చే రెండో విభాగానికి) చెందిన పిన్నులు వైఫై నడుస్తున్నప్పుడు అనలాగ్ రీడింగులు ఇవ్వవు. బోర్డును ఆన్ చేసే సమయంలో 12వ పిన్ను హై స్థితిలో (3.3 వోల్టుల వద్ద) ఉంటే, సాధారణంగా అది బూట్ కాదు. సిగ్నల్ 3.3 వోల్టులది కనుక 5 వోల్టుల సెన్సర్ అవుట్‌పుట్‌ను నేరుగా కలపకూడదు.

అసలు చిక్కంతా కరెంటు దగ్గరే ఉంది. వైఫై మొదలైన క్షణంలో కరెంటు వాడకం ఒక్కసారిగా కొన్ని వందల మిల్లీయాంపులకు ఎగబాకుతుంది. యూఎస్‌బీ కేబుల్ సన్నదైతే వోల్టేజి పడిపోయి, సీరియల్ మానిటర్‌లో (బోర్డు పంపే సందేశాలను కంప్యూటర్‌లో చూపే విండోలో) బ్రౌన్‌అవుట్, అంటే వోల్టేజి చాలలేదనే సందేశం కనిపించి, బోర్డు మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అవుతుంది. చాలామంది తమ ప్రోగ్రామునే అనుమానించి గంటల తరబడి వెతుకుతారు గాని, పొట్టి, మందపాటి కేబుల్ వేసి, పవర్ పిన్నుల మధ్య ఒక పెద్ద కెపాసిటర్ పెడితే సాధారణంగా సమస్య తీరిపోతుంది.

బ్యాటరీతో నడపాలంటే ఇంకా ఆలోచించాలి. డీప్ స్లీప్‌లో, అంటే దాదాపు అన్ని భాగాలూ ఆపేసి నిద్రపోయే స్థితిలో, చిప్ ఒక్కటే సుమారు 10 మైక్రోయాంపులతో సరిపెట్టుకుంటుంది. కానీ చవక బోర్డుల్లో తరచుగా కనిపించే ఏఎంఎస్1117 రెగ్యులేటర్ (వోల్టేజిని 3.3కు తగ్గించి నిలిపే భాగం) ఏ పనీ లేకపోయినా కొన్ని మిల్లీయాంపులు లాగుతుంది, దానికి ఎప్పుడూ వెలిగే ఎల్ఈడీ తోడవుతుంది. మొత్తం 10 మిల్లీయాంపులు అనుకున్నా 2000 ఎంఏహెచ్ బ్యాటరీ ఎనిమిది రోజులకే ఖాళీ అవుతుంది. పైగా ఆ రెగ్యులేటర్‌కు అవుట్‌పుట్ కన్నా దాదాపు ఒక వోల్టు ఎక్కువ అందాలి కాబట్టి, 3.7 వోల్టుల లిథియం సెల్‌తో అది 3.3 వోల్టులను నిలకడగా ఇవ్వలేదు.

అడాప్టర్‌తో నడిచే పనులకు ఈ బోర్డును నిస్సందేహంగా సిఫారసు చేస్తాను. బ్యాటరీ ప్రాజెక్టుకైతే తక్కువ కరెంటు తాగే రెగ్యులేటర్ ఉందని స్పష్టంగా పేర్కొన్న బోర్డునే, కాస్త ఎక్కువ ఖర్చయినా, ఎంచుకోవాలి.