బెల్‌ఫాస్ట్ కుర్రవాడి బాటలో: శాన్ డియేగో నుంచి సాల్ట్ లేక్ సిటీ దాకా

శాన్ డియేగోలో మా అబ్బాయి ఇంటికి వెళ్లినప్పుడు మనవలతో ఓల్డ్ టౌన్‌లోని మోర్మన్ బెటాలియన్ ప్రదర్శనశాల చూశాం. మోర్మన్లంటే అమెరికాలో పుట్టిన ఒక క్రైస్తవ శాఖవాళ్లు; బెటాలియన్ అంటే వాళ్లతో ఏర్పడిన సైనిక దళం. ప్రవేశం ఉచితం. ట్రాలీ దిగి నడిచిపోవచ్చు. సెలవు రోజున కారు నిలిపే చోటు దొరకడమే కష్టం. దగ్గరుండి చూపించేది మోర్మన్ మతప్రచారకులే కనుక కథలో భక్తి పాలు ఎక్కువ. అయినా ఒక లెక్క నన్ను కదిలించింది. 1846లో మెక్సికోపై యుద్ధానికి చేరిన సుమారు 500 మంది మోర్మన్లకు బట్టల కోసం తలా 42 డాలర్లు ముందుగా ఇచ్చారు. ఆ డబ్బులో చాలా భాగం గుడారాల్లో ఉన్న తమవాళ్లకు పంపేసి, ఒంటి మీది బట్టలతోనే నడిచారు. మా నాన్న సైన్యంలో పనిచేశారు. ఆయన మనియార్డరు అందిన రోజే మా ఇంటికి బియ్యం బస్తా వచ్చేది. అందుకే ఆ 42 డాలర్ల దగ్గర ఆగిపోయాను.

ఆ దళంలో సార్జెంట్ మేజర్ జేమ్స్ ఫెర్గూసన్. 1828లో బెల్‌ఫాస్ట్‌లో పుట్టి, మోర్మన్ మతంలో చేరి, సముద్రం దాటి వచ్చిన ఐర్లండు కుర్రవాడు. అప్పటికి 18 ఏళ్లు! అతను నడిచిన దారి చూడాలనిపించింది.

శాన్ డియేగో నుంచి రెండు గంటల కారు ప్రయాణంలో, ఆంజా బొరెగో ఎడారిలో బాక్స్ కాన్యన్ ఉంది. దుకాణం లేదు, నీళ్లు లేవు, నీడ లేదు. అన్నీ వెంట తీసుకెళ్లాలి. రోడ్డు పక్కన ఆగి కిందికి చూస్తే రాతి గోడల మధ్య సన్నని సందు. 1847 జనవరిలో బండ్లు అందులో పట్టలేదు. పనిముట్లు చాలావరకు అప్పటికే పోగొట్టుకున్నారు. మిగిలిన గొడ్డళ్లతోనే రాతిని చెక్కి బండ్లను దాటించారు. సందులోకి దిగి గోడపై చెయ్యి పెట్టాను. గరుకు రాయి, మధ్యాహ్నానికే కాలిపోతోంది. ఈ యాత్రలో ఒక్కచోటే చూడగలిగితే నేను దీన్నే ఎంచుకుంటాను.

ఫెర్గూసన్ చివరికి స్థిరపడిన సాల్ట్ లేక్ సిటీకి విమానంలో వెళ్లాం. చవక అని ఊరి బయట గది తీసుకోవడం పొరపాటు. వస్తుందన్న బండి గంటన్నరైనా రాలేదు. మర్నాడే మోర్మన్ల పెద్ద ఆలయం ఉన్న టెంపుల్ స్క్వేర్ దగ్గరికి మారాం. అద్దె ఎక్కువైనా అక్కడ ఊరి నడిబొడ్డున ట్రామ్ ఉచితం. మేం వెళ్లినప్పుడు ఆలయం మరమ్మతుల్లో ఉండి లోపలి భాగం మూసి ఉంది. పక్కనే ఉన్న, వంశవృక్షాల పాత రికార్డులు వెతుక్కునే ఫ్యామిలీసెర్చ్ గ్రంథాలయానికి మాత్రం తప్పక వెళ్లండి. అక్కడా రుసుము లేదు. ఒక పెద్దావిడ గంటసేపు నా పక్కనే కూర్చుని పాత జాబితాలు వెతికిపెట్టారు. అంత ఓపికైన సేవ నేను డబ్బు కట్టిన చోట కూడా చూడలేదు. శాసనసభ ఆవరణలోని బెటాలియన్ స్మారకం అరగంటలో అయిపోతుంది.

ఫెర్గూసన్ ఇక్కడే స్థిరపడి స్థానిక సైన్యానికి అడ్జుటెంట్ జనరల్ (సైన్యం పాలనా వ్యవహారాలు చూసే అధికారి) అయ్యాడు. 1862 అక్టోబరులో మరో ఐర్లండు సైనికుడు, కెర్రీలో పుట్టిన ప్యాట్రిక్ కానర్, అమెరికా ప్రభుత్వ దళంతో వచ్చి ఊరి మీది మెట్టలో కోట కట్టాడు. మోర్మన్లంటే అతనికి పడదు. 1863 జనవరి 29న బేర్ నది దగ్గర వందలాది షోషోనీ తెగ ఆదివాసులను ఊచకోత కోసింది అతని సైన్యమే. ఆ కోటే ఫోర్ట్ డగ్లస్; అక్కడి ప్రదర్శనశాలకు వెళ్లేవారు ఆ సంగతి ముందే చదువుకుని వెళ్లాలి. కానర్ సమాధి అక్కడి శ్మశానంలోనే ఉంది; కొంత దూరం నడవాలి.

ఫెర్గూసన్ 1863 ఆగస్టులో, 35 ఏళ్లకే కన్నుమూశాడు. పది నెలల పాటు ఇద్దరు ఐర్లండు సైనికులు, ఒకరు మెట్ట మీద, ఒకరు కింద ఊళ్లో ఉన్నారు. తిరుగు ప్రయాణానికి రెడ్ లైన్ ట్రామ్ ఎక్కాం. అక్కడ టికెట్టు కొనాలి. కోట నుంచి ఊళ్లోకి దిగడానికి పావుగంట పట్టింది.