గొలుసు రంపమా, కట్టెలు చీల్చే యంత్రమా?

అనంతపురం చుట్టుపక్కల పొయ్యిలోకి వచ్చేది ఎక్కువగా సర్కారు తుమ్మే. ఆ కొమ్మలు వంకరగా, ముళ్లతో ఉంటాయి, లావు తక్కువ. అడ్డంగా కోస్తే చాలు, చీల్చే పని పెద్దగా ఉండదు. అందుకే చేతిలో డబ్బు తక్కువున్నవారు ముందు పెట్రోలు గొలుసు రంపమే కొనాలని నా గట్టి అభిప్రాయం. చేనుగట్టు దాకా చేత్తో తీసుకెళ్లవచ్చు. టూ స్ట్రోక్ ఇంజను కాబట్టి పెట్రోలులో ఆయిల్ కలపాలి, సాధారణంగా లీటరుకు 20 మిల్లీలీటర్లు. మరిచిపోతే ఇంజనులోని పిస్టన్ కదలకుండా పట్టేస్తుంది. రంపం పళ్లకు తరచూ ఆకురాయి పెట్టాలి. ఆ ముళ్ల మధ్య రక్షణ కళ్లద్దాలు లేకుండా దయచేసి పని మొదలుపెట్టవద్దు.

హైడ్రాలిక్ (నూనె ఒత్తిడితో పనిచేసే) చీల్చే యంత్రం చింత, వేప మొద్దులకు మంచిది. చీల్చిన కట్టె త్వరగా ఆరుతుంది, పొగ తగ్గుతుంది. కానీ మొద్దును ముందు రంపంతో ముక్కలు చేయాల్సిందే. హోటళ్లకు, పెళ్లి వంటలకు రోజూ కట్టెలు అమ్మేవారికే ఆ ఖర్చు గిట్టుబాటవుతుంది. మిగతావారికి ఆ నాలుగు మొద్దులకు గొడ్డలి చాలు.