అమ్మ బరువు అడిగిన దుకాణం: బ్యాక్‌రెస్టు కొనేవాళ్లు జాగ్రత్త

దుకాణం పేరు రాయను. విశాఖలో క్రూయిజర్ బండికి (సీటు కిందికి ఉండి కాళ్లు ముందుకు చాచి నడిపే రకం మోటార్‌సైకిలు) సామాన్లు ఎక్కడ బిగిస్తారని నలుగురిని అడిగితే ముగ్గురు ఎవరి దగ్గరకు పంపుతారో మీకే తెలుసు. నన్నూ అక్కడికే పంపారు.

అమ్మకు మోకాళ్ల నొప్పి. ఆనుకోవడానికి ఏమీ లేకపోతే నా భుజాలు పట్టుకుని బిగుసుకుపోయి కూర్చుంటుంది. పక్కింటివాళ్ల బజాజ్ అవెంజర్ క్రూజ్ బండికి కంపెనీయే బ్యాక్‌రెస్టు ఇచ్చింది, నా బండికి విడిగా కొనాలి. బ్యాక్‌రెస్టు, లగేజీ ర్యాకు, బిగింపు కూలి కలిపి 5,200 రూపాయలు. బేరం కూడా ఆడలేదు. "అసలైన స్టెయిన్‌లెస్ స్టీలు సార్, సముద్రపు గాలికి చెక్కుచెదరదు" అన్నాడు. ఎంవీపీ కాలనీలో ఉండేవాడికి ఇంతకన్నా తీపి మాట ఏముంటుంది? మా కిటికీ ఊచలకు ఏటా రంగు వేయాల్సిందే.

కుర్రాడు పావుగంటలో బిగించేశాడు. ఆ వేగానికి ముచ్చటపడి టీకి యాభై రూపాయలు ఇచ్చాను. నా తెలివి అంతటిది.

పన్నెండో రోజు, శనివారం, అమ్మను ఎక్కించుకుని హనుమంతవాక, ముడసర్లోవ మీదుగా సింహాచలం బయలుదేరాను. కొండ మలుపుల్లో "వెనక ఏదో ఊగుతోందిరా" అంది. ఆపి చూస్తే ఎడమవైపు ముందు బోల్టు లేదు. దాని పక్కది వేళ్లతో తిప్పితేనే ఊడి చేతికి వచ్చింది. కొసన రెండు మూడు చుట్లు మాత్రమే ఒరుసుకుని తెల్లబడ్డాయి. అంటే లోపల పట్టింది అంతే! ర్యాకు పట్టీ వల్ల, దాని కింద ఎత్తు కోసం పెట్టిన స్పేసరు ముక్క వల్ల దాదాపు పది మిల్లీమీటర్ల మందం పెరిగింది. ఆ మహానుభావుడు మాత్రం కంపెనీ పాత బోల్టులే తిరిగి బిగించాడు. 8 మిల్లీమీటర్ల మందం బోల్టుకు కనీసం ఆ 8 మిల్లీమీటర్ల లోతైనా మర పట్టాలని తర్వాత మా మెకానిక్ చెప్పాడు.

కొండ మీదికి వెళ్లే బస్సు ఆపి అమ్మను ఎక్కించాను. ర్యాకును తాడుతో కట్టి మెల్లగా కిందికి దిగాను.

సోమవారం ఆ బోల్టు తీసుకెళ్లి దుకాణంలో బల్ల మీద పెట్టాను. యజమాని దాని వంక చూడనే లేదు. ఫోనులోంచి తల ఎత్తకుండానే "వెనక ఎవరు కూర్చున్నారు?" అన్నాడు. మా అమ్మ అన్నాను. "బరువెంత?"

ఏం అడిగాడో నాకు వెంటనే అర్థం కాలేదు. హెల్మెట్లు చూస్తున్న ఇద్దరు మాత్రం అర్థమై మా వైపు తిరిగారు. "అది ఆనుకోవడానికి సార్, సోఫా కాదు. అమ్మగారికి కారు కొనండి" అన్నాడు. కుర్రాడు నవ్వు దాచుకోవడానికి గోడవైపు తిరిగాడు. నా యాభై రూపాయల కుర్రాడే.

నేనేమన్నానంటే, "నా దగ్గర బిల్లు ఉంది" అన్నాను. చూపించమన్నాడు. చూపించాను. పైకి చదివి మరీ వినిపించాడు: "బండి సామాను, 5,200." స్టీలు మాట లేదు, వారంటీ లేదు, బిగింపు మాట అసలే లేదు. అంతే, బండి తాళం తీసుకుని బయటికి వచ్చేశాను. అతన్ని అడగాల్సినవన్నీ రాత్రి అన్నం తింటుంటే గుర్తుకొచ్చాయి.

ఇంటికొచ్చి చూస్తే అతుకు పెట్టిన చోట అప్పుడే తుప్పు చుక్కలు. ఫ్రిజ్ మీది అయస్కాంతం తెచ్చి పెడితే టక్కున అంటుకుంది. ఎక్కువగా వాడే రకం స్టెయిన్‌లెస్ స్టీలుకు అలా అంటుకోదట. ఫ్రేములో పాడైన మర మళ్లీ వేయించడానికి ఇంకో 1,400. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. అమ్మకు మాత్రం బోల్టు వదులైందని తప్ప ఇంకేమీ చెప్పలేదు.

మీరు బిగించుకుంటే పక్కనే నిలబడండి, టీకి వెళ్లకండి. పాత బోల్టు పక్కన కొత్తది పెట్టి చూడండి. పెరిగిన మందానికి తగినంత పొడవు లేకపోతే బండి తీసుకుని వచ్చేయండి. బిల్లులో లోహం పేరు రాయించండి. వంద కిలోమీటర్లు తిరిగాక ఒకసారి పానా పెట్టి అన్ని బోల్టులూ బిగించి చూడండి.