మైపాడు ఒడ్డు నుంచి దోర్నాల దాకా పాత పికప్: ఇంజిన్ ఎక్కడ ఆగుతుంది, ఎక్కడ బాగుచేయించాలి

నెల్లూరు, మైపాడు, కావలి, ఒంగోలు, చీమకుర్తి, పొదిలి, మార్కాపురం, దోర్నాల. పది పదిహేనేళ్లు దాటిన డీజిల్ పికప్‌తో ఈ దారి పట్టేవాళ్లు ఒక్క సంగతి గుర్తుపెట్టుకోవాలి: నడుస్తూ నడుస్తూ ఆగిపోయే జబ్బు ఉంటే దాన్ని తీరం మీదే తేల్చుకోవాలి. పొదిలి దాటాక స్పేర్లు తగ్గిపోతాయి. దోర్నాల దాటితే అడవి.

ఇక్కడ చెప్పేది ఇంజిన్‌కు డీజిల్ కొట్టే పంపు కంప్యూటర్ లేకుండా పనిచేసే పాత మెకానికల్ పంపు బండ్ల గురించి. సెన్సర్లు, కంప్యూటర్ ఉన్న సీఆర్‌డీఐ బండి ఆగిపోతుంటే ముందు స్కానర్ పెట్టించండి. వేడెక్కాక ఆగి, చల్లారాక స్టార్టయితే ఇంజిన్ తిరగడాన్ని పసిగట్టే క్రాంక్ సెన్సర్‌ను మొదట అనుమానించాలి.

బండి ఎలా ఆగిందో గమనిస్తే సగం పని అయినట్టే. తాళం తీసినట్టు టక్కున ఆగితే కరెంటు తప్పు. ఇంజిన్ ఊపు తగ్గిపోయి, ఒకటి రెండు కుదుపులు కుదిపి ఆగితే డీజిల్ అందడం లేదు, లేదా గాలి పట్టింది. మెకానిక్‌కు చెప్పాల్సిన మొదటి మాట ఇదే. "అప్పుడప్పుడూ ఆగుతోంది" అని ఊరుకుంటే చాలా షెడ్లలో వచ్చే జవాబు "పంపు దించాలి సార్".

మైపాడు చూడదగ్గ చోటే, కానీ పాత బండిని రాత్రంతా సముద్రపు గాలిలో వదలకండి. ఉప్పు తేమకు బ్యాటరీ ఎర్త్ తీగ ఛాసిస్‌కు కలిసే బోల్టు దగ్గర ఆకుపచ్చ పొడి పేరుకుని కరెంటుకు అడ్డం పడుతుంది. పగలు ఒడ్డున గడిపి, రాత్రి బసకు నెల్లూరు వచ్చేయడం మేలు. ఒంగోలు దగ్గరి కొత్తపట్నం తీరానికి వెళ్లినా అంతే, బస ఒంగోలులో పెట్టుకోండి. ఆ ఎర్త్ బోల్టు విప్పి, ఎమెరీ కాగితంతో లోహం మెరిసేదాకా రుద్ది, బిగించాక పైన వాజలీన్ పూయాలి. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర మీటరు 13.8 నుంచి 14.4 వోల్టులు చూపాలి.

రోటరీ పంపు బండికి పంపు వెనకవైపు స్టాప్ సోలినాయిడ్ ఉంటుంది. దానికి 12 వోల్టులు అందుతున్నంతసేపే డీజిల్ లోపలికి వెళ్తుంది. లోపలి కాయిల్ ముసలిదైతే మే నెల ఎండలో వేడెక్కి తెగినట్టవుతుంది, అరగంట చల్లారాక మళ్లీ కలుస్తుంది. అందుకే షెడ్డుకు చేరేసరికి బండి బాగానే ఉంటుంది, మెకానిక్‌కు తప్పు దొరకదు. పరీక్ష బండి ఆగిన చోటే చేయాలి. తాళం ఆన్‌లో పెట్టి సోలినాయిడ్ తీగ తీసి తాకించండి, టిక్ అని వినబడాలి. వినబడకపోతే 10 ఆంపియర్ ఫ్యూజు పెట్టిన తీగతో బ్యాటరీ నుంచి నేరుగా ఇవ్వండి. అప్పుడు టిక్ అంటే తప్పు తాళం స్విచ్‌లోనో, ఫ్యూజులోనో, తీగలోనో ఉంది. అప్పుడూ అనకపోతే సోలినాయిడ్ మార్చాల్సిందే. నేరుగా తీగ ఇచ్చి నడిపితే తాళంతో ఇంజిన్ ఆగదు, ఆ తీగ పీకాలి. కేబుల్ లాగి ఆపే ఇన్‌లైన్ పంపు బండికి ఈ బాధ లేదు.

పనికి నెల్లూరు ఆటోనగరే ఈ దారిలో మంచి చోటు. పంపు మెకానిక్, ఎలక్ట్రీషియన్, స్పేర్ల కొట్లు నడిచి వెళ్లే దూరంలో ఉంటాయి. ఉదయమే చేరండి. పంపు మీద చెయ్యి వేయకముందు, "అన్నా, ముందు డబ్బా పెట్టి చూద్దాం" అనండి. 5 లీటర్ల శుభ్రమైన డబ్బాలో డీజిల్ పోసి, ఫీడ్ పంపుకు (ట్యాంకు నుంచి డీజిల్ లాగే చిన్న పంపు) వచ్చే పైపు తీసి, డబ్బాలోంచి కొత్త గొట్టం కలిపి, రిటర్న్ పైపును కూడా డబ్బాలోకే వదిలి, ఒక గంట తిప్పాలి. ఆ గంటలో ఆగకపోతే పంపు మంచిదే. తప్పు ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్య ఉంది. వేలు ఖర్చయ్యే పనిని ఈ డబ్బా ఆపగలదు, మొహమాటపడకుండా అడగండి.

ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్య మూడు తప్పులు ఎక్కువ. మొదటిది రబ్బరు గొట్టం. లాగే వైపు గొట్టం చిట్లితే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. కింద తడి లేదు కదా అని వదిలేస్తారు. ఫీడ్ పంపుకు ముందు జానెడు పారదర్శక గొట్టం పెట్టి ఇంజిన్‌ను రేస్ చేయండి. బుడగలు వరసగా పోతుంటే గొట్టం, క్లిప్పులు, బాంజో బోల్టు (పైపు చివరను బిగించే బోలు బోల్టు) రాగి వాషర్లు అన్నీ మార్చండి. వాడిన వాషర్‌ను మళ్లీ వేయనివ్వకండి.

రెండోది ట్యాంకు మూత. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ దుమ్ము, ఆ రోడ్డు మీద బండరాళ్ల లారీల వెనక వెళ్లే బండికి మూతలోని సన్న రంధ్రాన్ని పూడుస్తుంది. డీజిల్ తగ్గేకొద్దీ ట్యాంకులో శూన్యం ఏర్పడి, ముప్పై నలభై నిమిషాలకు ఇంజిన్ నీరసించి ఆగుతుంది. మూత తిప్పగానే "ఉస్" మని గాలి పీల్చి, ఆ తర్వాత స్టార్టయితే జబ్బు అదే. మూతను డీజిల్‌లో కడిగి గాలి కొట్టిస్తే చాలు.

మూడోది ట్యాంకు అడుగు జాలీకి పట్టే చెత్త. ఆగిన కాసేపటికి చెత్త కిందికి జారి బండి మళ్లీ నడుస్తుంది. ఫీడ్ పంపు వైపు పైపు విడదీసి, మూత తెరిచి, ట్యాంకు వైపుకు మెల్లగా గాలి కొట్టించాలి. ఇది తాత్కాలికమే. ట్యాంకు దించి కడిగిస్తేనే తీరుతుంది.

జాతీయ రహదారి 16 మీద ఆగితే 1033కు ఫోన్ చేయొచ్చు. బండిని రోడ్డు మీంచి తప్పించడానికి ఆ సాయం పనికొస్తుంది, మరమ్మతుకు కాదు. ఒంగోలులో బస్టాండు చుట్టుపక్కల లాడ్జీలకు పికప్ పట్టే జాగా తక్కువ. బైపాస్ వైపు చదును ఆవరణ ఉన్న చోటు చూసుకోండి. చదును ఎందుకంటే, గాలి లాగే బండిని ముక్కు ఎత్తుగా నిలిపితే రాత్రికి పైపులో డీజిల్ ట్యాంకులోకి జారిపోతుంది, పొద్దున స్టార్టు కాదు. ఆ లక్షణం కనిపిస్తే మొదట గొట్టాన్ని, దాని బిగింపులను అనుమానించండి.

పొదిలి, మార్కాపురంలో పికప్ మెకానిక్ కోసం వెతకడం కంటే ట్రాక్టర్ మెకానిక్ దగ్గరికి వెళ్లండి. డీజిల్ పైపుల్లో పట్టిన గాలి తీయడంలో వాళ్లకు మంచి చెయ్యి. గొట్టం, క్లిప్పులు, వాషర్లు, చాలా బండ్లకు సరిపోయే గుడ్డ ఫిల్టరు, పేపరు ఫిల్టరు ట్రాక్టర్ స్పేర్ల కొట్టులోనే దొరుకుతాయి. పాత ఫిల్టరు చేతిలో పట్టుకెళ్లి కొలత సరిచూసుకోండి.

గాలి తీసే వరస తప్పకూడదు. ముందు ఫిల్టరు తల మీది స్క్రూ వదులు చేసి, బుడగలు పోయి నిండు డీజిల్ వచ్చేదాకా హ్యాండ్ ప్రైమర్ (చేత్తో డీజిల్ కొట్టే చిన్న పంపు) కొట్టి బిగించాలి. తర్వాత పంపు మీది స్క్రూ. అప్పటికీ అందుకోకపోతే రెండు నాజిల్ పైపుల నట్లు ఒక చుట్టు వదిలి సెల్ఫ్ కొట్టాలి. ఒక్కోసారి 10 సెకన్లకు మించకుండా, మధ్యలో నిమిషం ఆగాలి. చిమ్మే డీజిల్‌కు వేలు అడ్డం పెట్టొద్దు, ఆ ఒత్తిడికి చర్మంలోకి దూరుతుంది.

దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్‌కు ట్యాంకు సగానికి పైగా నింపుకునే ఎక్కండి. పావు ట్యాంకుతో మలుపుల్లో, ఎత్తులో డీజిల్ ఒక పక్కకు ఒరిగి లోపలి పైపు నోరు తేలుతుంది, గాలి పట్టేస్తుంది. అటవీ గేటు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూస్తారు. మార్కాపురంలో బస చేసి పొద్దున్నే బయలుదేరడం మంచిది. అడవిలో ఆగితే ఫోన్ సిగ్నల్ అందకపోవచ్చు. బండిలో ఒక మీటరు పొడవు గొట్టం, నాలుగు క్లిప్పులు, పది రాగి వాషర్లు, ఫిల్టర్ల జత, ఫ్యూజు పెట్టిన తీగ, పంపు స్క్రూలకు పట్టే పానాలు, 17 నంబరు పానా, 5 లీటర్ల డీజిల్ డబ్బా ఉండాలి.