ఫౌండర్స్ ఆన్‌లైన్: అసలు సరుకంతా ఫుట్‌నోట్లలోనే

అమెరికా తొలినాళ్ల మత స్వేచ్ఛ గురించి చర్చ వచ్చిన ప్రతిచోటా జెఫర్సన్ ఇలా అన్నాడనీ మాడిసన్ అలా అన్నాడనీ ఒక్కో వాక్యం విసిరేసి వెళ్తుంటారు. ఆ వాక్యానికి ముందూ వెనకా ఏముందో చూడాలంటే ఫౌండర్స్ ఆన్‌లైన్‌ను మించిన ఉచిత సాధనం లేదు. అమెరికా నేషనల్ ఆర్కైవ్స్, వర్జీనియా విశ్వవిద్యాలయ ప్రెస్ కలిసి 2013లో తెరిచిన సైటు ఇది. అమెరికా స్థాపకులు (ఫౌండర్స్) అని పిలిచే ఏడుగురు, అంటే వాషింగ్టన్, ఫ్రాంక్లిన్, జాన్ ఆడమ్స్, జెఫర్సన్, హామిల్టన్, మాడిసన్, జాన్ జే రాసిన పత్రాలూ, వాళ్లకు వచ్చిన పత్రాలూ కలిపి 1,80,000కు పైగా ఉన్నాయి. లాగిన్ అక్కర్లేదు, రుసుము లేదు, ప్రకటనల బెడద లేదు.

వెతకడంలో మొదటి చిక్కు స్పెల్లింగ్‌తోనే. పాత రాతను దిద్దకుండా ఉన్నదున్నట్టు ఎక్కించారు. 1774 జనవరి 24న మాడిసన్ తన మిత్రుడు విలియం బ్రాడ్‌ఫర్డ్‌కు రాసిన ఉత్తరం చూడండి. మత భావాలు ప్రచారం చేశారన్న నేరానికి పక్క కౌంటీలో అయిదారుగురు సజ్జనులు జైల్లో మగ్గుతున్నారని అందులో మండిపడతాడు. కానీ జైలు అన్న చోట అతను రాసింది జీ, ఓ, ఏ, ఎల్. ఇప్పటి స్పెల్లింగ్ కొట్టి కూర్చుంటే ఆ వాక్యం చేతికి చిక్కదు. మతానికీ ప్రభుత్వానికీ మధ్య గోడ కట్టినట్టేనన్న జెఫర్సన్ ప్రసిద్ధ వాక్యంలోనూ ‘చర్చ్ అండ్ స్టేట్’ మధ్య ‘అండ్’ అక్షరాల్లో ఉండదు, పొట్టి గుర్తు ఉంటుంది. అందుకని కోట్ గుర్తుల మధ్య పొడవాటి వాక్యం పెట్టకండి. ‘వాల్ ఆఫ్ సెపరేషన్’ వంటి రెండు మూడు మాటలు చాలు. ఆ తర్వాత రచయిత, గ్రహీత, కాలం అనే ఫిల్టర్లతో వడకట్టుకోవచ్చు. కాలం దగ్గర కాన్ఫెడరేషన్ పీరియడ్ (రాజ్యాంగం అమల్లోకి రాకముందు ఏళ్లు) ఎంచుకుంటే వర్జీనియా మతపన్ను గొడవ చాలావరకు ఒక్కచోట కనిపిస్తుంది.

ఈ సైటు బలమంతా తెలిసేది ఆ గొడవ దగ్గరే. క్రైస్తవ బోధకుల పోషణకు ప్రజలు పన్ను కట్టాలనీ, అది ఏ శాఖ బోధకుడికి చేరాలో ఎవరికి వారే చెప్పుకోవచ్చనీ 1784లో వర్జీనియా సభ ముందుకు ఒక బిల్లు వచ్చింది. అక్కడి పలుకుబడి గల నాయకుడు పాట్రిక్ హెన్రీ దాని వెనక నిలబడ్డాడు. దాన్ని ఆపడానికి 1785లో మాడిసన్ తన పేరు పెట్టుకోకుండా 15 వాదనలతో ఒక విజ్ఞాపన రాశాడు. రాయమని వర్జీనియా నాయకుడు జార్జ్ నికలస్ ఒత్తిడి చేసిన ఉత్తరం కూడా సైటులో ఉంది, ముందు అది చదివితే సందర్భం బోధపడుతుంది. విజ్ఞాపన శీర్షికలో తేదీ ‘సుమారు జూన్ 20’ అని చదరపు బ్రాకెట్లలో ఉంటుంది. అంటే ఆ తేదీ పత్రం మీద ఉన్నది కాదు, సంపాదకులు ఆధారాలు చూసి పెట్టింది. కచ్చితమైన తేదీగా ఎక్కడా ఎత్తి రాయకండి.

విజ్ఞాపనకు పైన సంపాదకులు రాసిన పరిచయాన్ని మాత్రం దాటేయొద్దు. మాడిసన్ రాతకు 13 వినతిపత్రాల మీద 1,552 సంతకాలు వచ్చాయనీ, ఆ పన్ను సువార్త స్ఫూర్తికే విరుద్ధమన్న మరో వినతికి 4,899 సంతకాలు వచ్చాయనీ అక్కడే తెలుస్తుంది. జనం మూడింతలకు పైగా చేవ్రాలు పెట్టింది భక్తిపరుల కాగితం మీద! మతాన్ని దూరం పెట్టిన కొద్దిమంది మేధావులు పైనుంచి దించిన వరమే మత స్వేచ్ఛ అనే కథ ఈ రెండు అంకెల దగ్గర సగం కూలిపోతుంది.

ఆ పన్ను బిల్లు వీగిపోయాక, 1779లో సభకు వచ్చి మూలపడ్డ జెఫర్సన్ మత స్వేచ్ఛ బిల్లును మాడిసన్ మళ్లీ బయటికి తీసి 1786 జనవరి 16న చట్టం చేయించాడు. జెఫర్సన్ అప్పుడు పారిస్‌లో ఉన్నాడు. సైటులో 82వ నంబరు బిల్లుగా ఉన్నది అతని మూల పాఠం, చట్టంగా వచ్చింది అది కాదు. మనుషుల నమ్మకాలు వాళ్ల ఇష్టాయిష్టాల మీద కాక, మనసుకు అందే సాక్ష్యం మీద ఆధారపడతాయన్న మొదటి మాటలనే సభ కొట్టేసింది. దేవుడు మనసును స్వేచ్ఛగా సృష్టించాడన్న దగ్గర చట్టం మొదలవుతుంది. ఈ రెండు పాఠాలనూ కలిపేసి ఉటంకించే పొరపాటు చాలా వ్యాసాల్లో కనిపిస్తుంది.

కనెక్టికట్ రాష్ట్రంలోని డాన్‌బరీ బాప్టిస్టులకు (ఇదొక క్రైస్తవ శాఖ) అధ్యక్షుడు జెఫర్సన్ 1802 జనవరి 1న ఇచ్చిన, ఆ ‘గోడ’ వాక్యం ఉన్న జవాబు ఒక్కటే చదివితే పెద్దగా ఒరిగేదేమీ లేదు. వరసలో చదవాలి: బాప్టిస్టుల లేఖ, జెఫర్సన్ ముసాయిదా, దానిపై ఇద్దరు సహచరుల అభిప్రాయాలు, చివరికి పంపిన ప్రతి. మత స్వేచ్ఛకు హామీ ఇచ్చే రాజ్యాంగ మొదటి సవరణ అప్పట్లో కాంగ్రెస్ చేతులను మాత్రమే కట్టింది, రాష్ట్రాల జోలికి పోలేదు. కనెక్టికట్‌లో 1818 దాకా, మసాచుసెట్స్‌లో 1833 దాకా అధికారిక మతవ్యవస్థ సాగింది. కనెక్టికట్‌లో ఒక బాప్టిస్టు ఆ అధికారిక చర్చి పన్ను తప్పించుకోవాలంటే సర్టిఫికెట్ దాఖలు చేయాలి. తమకున్న మత స్వాతంత్ర్యం హక్కులా కాక దయాభిక్షలా ఉందని వాళ్లు మొరపెట్టుకున్నది అందుకే. ముసాయిదాలో గోడకు ‘శాశ్వత’ అన్న విశేషణం ఉంది, పంపిన ప్రతిలో లేదు. ఉపవాస దినాలు ప్రకటించకపోవడానికి కారణం చెప్పే భాగాన్ని, తూర్పు రాష్ట్రాల్లోని సొంత పార్టీవాళ్లు నొచ్చుకుంటారని వదిలేశాడు. సిరాతో కొట్టేసిన వరసలను 1998లో ఎఫ్‌బీఐ ప్రయోగశాల సాయంతో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ చదవగలిగింది. ఆ జవాబు రాసిన రోజే మసాచుసెట్స్‌లోని చెషైర్ నుంచి 1,235 పౌన్ల చీజ్ దిమ్మ జెఫర్సన్‌కు కానుకగా అందింది. తెచ్చినవాడు బాప్టిస్టు బోధకుడు జాన్ లీలండ్. దానితోపాటు వచ్చిన అభినందన పత్రం కూడా సైటులో ఉంది, సరదాగానైనా చదవాల్సిందే.

రోడ్ ఐలండ్‌లోని న్యూపోర్ట్ యూదులకు వాషింగ్టన్ 1790 ఆగస్టు 18న రాసిన లేఖ దగ్గర ఇంకో మెలిక ఉంది. మతద్వేషానికి ఆమోదం, పీడనకు సాయం ఈ ప్రభుత్వం నుంచి దొరకవన్న మాట వాషింగ్టన్‌ది అనుకుంటాం. ముందురోజు ఆ యూదుల తరఫున మోజెస్ సేషస్ సమర్పించిన స్వాగతపత్రంలో ఆ మాట ఉంది, వాషింగ్టన్ దాన్ని అందుకుని తిరిగి చెప్పాడు. ఆ స్వాగతపత్రం వేరే పత్రంగా కాక, వాషింగ్టన్ లేఖ కింద నోట్‌లో ఉంటుంది. రచయితల ఫిల్టర్‌లో సేషస్ పేరు కోసం వెతక్కుండా నేరుగా లేఖ తెరిచి కిందికి వెళ్లండి. క్వేకర్లనే మరో క్రైస్తవ శాఖకూ వర్జీనియా బాప్టిస్టులకూ 1789లో ఇచ్చిన జవాబులకూ ఇదే పద్ధతి.

‘ఎర్లీ యాక్సెస్’ అన్న ముద్ర ఉన్నవి ఇంకా పూర్తి సంపాదకత్వం కాని ప్రతులు. నోట్లు ఉండవు, పాఠంలో తప్పులు దొర్లొచ్చు. మాడిసన్ చివరి ఏళ్ల ఉత్తరాలు చదివేటప్పుడు ఈ ముద్ర ఉందో లేదో చూసుకోవాలి. చేతిరాత ప్రతుల ఫొటోలు కూడా ఇక్కడ దొరకవు. జెఫర్సన్‌వి కావాలంటే లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు, ఆడమ్స్ కుటుంబానివి కావాలంటే మసాచుసెట్స్ హిస్టారికల్ సొసైటీకి వెళ్లాలి.

పెద్ద లోపం మాత్రం సైటు పేరులోనే ఉంది. 1636లో మత స్వేచ్ఛ కోసం ప్రావిడెన్స్ పట్టణం స్థాపించిన రోజర్ విలియమ్స్, 1660లో బోస్టన్‌లో ఉరికంబమెక్కిన క్వేకర్ మేరీ డయర్, క్వేకర్ల మీద నిషేధాన్ని వ్యతిరేకించిన 1657 ఫ్లషింగ్ విజ్ఞాపన, 1649 మేరీలండ్ సహన చట్టం ఈ ఏడుగురి కాలానికి ముందువి. బాప్టిస్టుల తరఫున దశాబ్దాలు పోరాడిన ఐజక్ బాకస్ రచనలు లేవు. చీజ్ మోసుకొచ్చిన లీలండ్ ప్రసంగాలూ లేవు. జైలుకు వెళ్లినవాళ్లు ఎక్కువగా ఇతరుల ఉత్తరాల్లో ప్రస్తావనగానే కనిపిస్తారు. కాబట్టి దీన్నొక్కదాన్నే నమ్ముకుని మత స్వేచ్ఛ చరిత్ర రాయకూడదు. 1774 నుంచి 1802 దాకా వర్జీనియా సభకు వెళ్లిన మత సంబంధ వినతిపత్రాల్లో 423 పత్రాలు డిజిటల్ చిత్రాలుగా అందుబాటులోకి వచ్చాయి, అసలు కాగితాలు లైబ్రరీ ఆఫ్ వర్జీనియావి. చేతిరాత చదవడం కాస్త కష్టమే. అయినా కౌంటీ పేరు, తేదీ పట్టుకుని మాడిసన్ ఉత్తరాల పక్కన పెట్టుకుంటే రెండో గొంతు వినిపిస్తుంది.

దొంగ కొటేషన్లు పట్టుకోవడానికీ ఈ సైటు బాగా పనికొస్తుంది. అమెరికా భవిష్యత్తును పది ఆజ్ఞల మీద నిలబెట్టామని మాడిసన్ అన్నట్టు తిరిగే వాక్యం అతని రాతల్లో ఎక్కడా లేదు. అయితే ఒక్కసారి వెతికి దొరకలేదని తీర్పు ఇచ్చేయకండి. అందులోని అరుదైన మాటలు రెండు ఏరుకుని, పాత స్పెల్లింగులు మార్చి మార్చి చూడండి. సభల్లో చేసిన ప్రసంగాలన్నీ ఇక్కడ లేవన్నదీ గుర్తుంచుకోండి.