సార్టీ వేరు, మిషన్ వేరు
వైమానిక దళాలు వాడే ఈ రెండు మాటలనూ ‘దాడి’ అని తెలుగు చేసేయడం కద్దు గానీ, అది సరికాదు. ఒక విమానం ఒకసారి పైకి లేచి మళ్లీ నేలకు దిగితే అది ఒక సార్టీ. సాధించవలసిన పని మిషన్. బ్రిటన్, అర్జెంటీనాల మధ్య జరిగిన 1982 ఫాక్‌లాండ్స్ యుద్ధంలో, ఆ దీవుల రాజధాని స్టాన్లీ రన్‌వే మీద ఒకే ఒక్క బ్రిటిష్ బాంబర్ విమానం వల్కన్ 21 బాంబులు వేసి రావడానికి, దారిలో దానికి ఇంధనం అందించేందుకు అట్లాంటిక్‌లోని అసెన్షన్ దీవి నుంచి 11 విక్టర్ ట్యాంకర్ విమానాలు లేవవలసి వచ్చింది. అంటే మిషన్ ఒక్కటే అయినా సార్టీలు డజనుకు తగ్గవు. ముట్టడిలో చిక్కుకున్న కోట నుంచి సైనికులు ఒక్కుమ్మడిగా బయటికొచ్చి శత్రువు మీద పడడాన్ని సూచించిన ‘సార్టీ’ అనే ఫ్రెంచి మాటకు ఇప్పుడు యుద్ధమే ఉండనక్కర్లేదు. దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో క్యాడెట్ చేసే శిక్షణ విహారమూ సార్టీయే.